నిప్పురవ్వ చూసి కొన్న ఛార్జరు

పోయిన వారం మా ఇంట్లో ఇన్వర్టరు మొరాయించింది. ప్రొద్దుటూరు ఎండల్లో ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోవడం ఈ వయసులో నా వల్ల కాదు. వేముల నుంచి వచ్చి మా వీధి చివర కొట్టు పెట్టుకున్న మెకానిక్కును పిలిపించాను. అతను మెట్ల కింద ఉన్న బ్యాటరీ మూతలు విప్పాడో లేదో, కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున ఇల్లంతా నిండింది. ఛార్జింగు ఎక్కువైపోయి బ్యాటరీ లోపల ఉడికిపోయిందట. ఛార్జింగు పెట్టే భాగం మార్చాలట. రెండు రకాలున్నాయి, ఏది వెయ్యమంటారని అడుగుతున్నాడు.   గోడ పట్టుకుని వెళ్లి కుర్చీలో కూలబడ్డాను. బీపీ అనుకుని అతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అది బీపీ కాదు, పెన్నానది. ఆ మాట చెబితే పాపం అతనికేం అర్థమవుతుంది?

మా నాయన పేరు ఓబులేసు. జమ్మలమడుగు రేవు పాట ఆయనది. పెన్నలో నీళ్లు పారే నెలల్లో జనాన్ని ఏరు దాటించే హక్కును ఏటా వేలం వేసేవారు, దాన్నే పాట అనేవాళ్లం. ఏరు దాటితే ముద్దనూరులో రైలు దొరికేది, పులివెందులకు బస్సు దొరికేది. దాటకపోతే ఎక్కడివాళ్లు అక్కడే. నా చిన్నప్పుడు గడలు వేసి నడిపే పడవ ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాయన ఒక పాత లారీ ఇంజను సంపాదించి దానికి బిగించాడు. మేమిద్దరం ఆడపిల్లలం కాబట్టి మా ఇంట్లో మగపిల్లాడికి జరగవలసిన మర్యాదలన్నీ ఆ ఇంజనుకే జరిగేవి. ఒక ఏడు వరదలో దాని డైనమో నీళ్లలో నాని పాడైపోయింది. డైనమో ఉంటే ఇంజను తిరుగుతూనే తన బ్యాటరీని తానే నింపుకునేది. అది పోవడంతో రోజూ సాయంత్రం బ్యాటరీని పడవలోంచి విప్పి ఇంటికి మోసుకొచ్చి, కరెంటు పెట్టెకు తగిలించి, పొద్దున్నే మళ్లీ రేవుకు మోసుకుపోవాల్సి వచ్చేది. ఆ కరెంటు పెట్టెనే ఛార్జరు అనేవారు. బ్యాటరీలో బలం ఉంటేనే ఇంజను లోపల నిప్పు పుడుతుంది. లేకపోతే హ్యాండిలు పట్టుకుని ఎంతసేపు తిప్పినా అది పలకదు.

సాయంత్రం మా వసారాలో ఉండే వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. పిడకల పొగ, పెనం మీద కాలే జొన్నరొట్టె, అమ్మ రోట్లో నూరే శెనిక్కాయల చట్నీ, వీటన్నిటి మధ్య పుల్లగా గొంతులో గుచ్చుకునే ఆసిడ్డు. పడవ డ్రైవరు గంగన్న భుజం మీద గోనెపట్ట వేసుకుని, దాని మీద బ్యాటరీ పెట్టుకుని దిగేవాడు. ఆసిడ్డు చుక్కలు పడి అతని చొక్కాలన్నీ జల్లెడలే. నాయనకు అప్పటికే రెండు కళ్లలోనూ పొర కమ్మింది. వెలుతురూ నీడా తెలిసేవి, మనిషిని గొంతు బట్టి పోల్చుకునేవాడు. ఆయన బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని దాని పక్కల మీద అరచెయ్యి వేసి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. తర్వాత మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, నీళ్లు తగ్గాయనిపిస్తే పోయమని నాకు చెప్పేవాడు. నాకు పద్దెనిమిదేళ్లు. ఎస్సెస్సెల్సీ పాసయ్యాను. మా వీధిలో ఇంగ్లీషు అక్షరం చదవగలిగిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తాలూకాఫీసు నుంచి వచ్చే కాయితం మొదలుకొని మందు సీసా మీది చీటీ దాకా అందరూ నా దగ్గరికే తెచ్చేవారు. నాకు అర్థమైందీ కానిదీ ఒకే గొంతుతో చెప్పేసేదాన్ని. ఎవరూ తప్పు పట్టలేదు. పట్టేవాళ్లు ఎవరున్నారు గనక.

మా అమ్మకు ఏరంటే ప్రాణభయం. చిన్నప్పుడు తన తమ్ముణ్ణి పెన్న మింగేసిందట. రేవు పాట పాడేవాడి పెళ్లామై ఉండి కూడా ఆమె ఒక్కనాడూ పడవ ఎక్కలేదు. మా అక్కను పులివెందులలో ఇచ్చాం. అక్కను చూడాలనిపిస్తే అమ్మ ఎండాకాలం దాకా ఆగి, ఏరు ఇసకపర్రగా మారిన తర్వాత నడిచి దాటేది. నీళ్లున్న నెలల్లో రేవు వైపు ముఖం కూడా తిప్పేది కాదు. నాయన ఎన్నోసార్లు బుజ్జగించాడు, ఎగతాళి చేశాడు, చివరికి వదిలేశాడు.

ఒక వానాకాలం మా ఛార్జరులోకి బల్లి దూరి, పెట్టె మాడి మసైపోయింది. కొత్తది ఎంచుకోవడానికి నాయన, గంగన్న, నేను బ్యాటరీని కూడా వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాం. నన్నెందుకు తీసుకెళ్లాడంటే పెట్టెల మీద రాసింది చదవడానికి. బస్సులో కనిపించినవాళ్లందరికీ నాయన అదే చెప్పాడు, మా పాప చదివి చెబుతాది, మేం కొంటాం అని. ముందు పాత పెట్టెను తయారుచేసిన మస్తాన్ సాయిబు దగ్గరికి వెళ్లాం. ఆయన రేడియోలు బాగుచేసేవాడు, నేను మామా అని పిలిచేదాన్ని. చేతిలో ఒక పెట్టె సిద్ధంగా ఉందని, దాన్ని బ్యాటరీకి తగిలించి పావుగంట ఉంచాడు. అప్పుడు గంగన్న తన పద్ధతి ప్రకారం పరీక్ష చేశాడు. మా వైపు లారీలవాళ్లు, మిల్లులవాళ్లు అందరి పద్ధతీ అదే. బ్యాటరీ రెండు మొనల మీద తీగ రాకించి, అంటే గీకినట్టు తాకించి, ఎగిరే నిప్పురవ్వను చూసి బలం ఎంతుందో చెప్పేవారు. మస్తాన్ మామ పెట్టెకు సన్నని రవ్వ చిటుక్కుమని ఆరిపోయింది. గంగన్న పెదవి విరిచాడు.

మస్తాన్ మామ కోప్పడలేదు. తన పెట్టె రాత్రంతా పెడితేగాని నింపదని, బ్యాటరీకి నిదానంగానే తాపాలని చెప్పాడు. నన్ను దగ్గరికి పిలిచి, బ్యాటరీకి పక్కన కొట్టిన చిన్న రేకు చూపించాడు. "దీని మీద ఒక అంకె ఉంటాది సూడు బిడ్డా. ఏ పెట్టె కొన్నా సరే, పెట్టె మీది ముల్లు ఆ అంకె దాటి పోకూడదు. దాటితే లోపల ఉడికిపోతాది. ఆంపియరు అంటే తెల్సు గదా నీకు?" అన్నాడు. తెలుసు మామా అన్నాను. తెలియదు. బళ్లో ఆ పాఠం చెప్పిన రోజు కూడా నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి బజారులో ఒక పెద్ద కొట్టుకు వెళ్లాం. అక్కడ ఆకుపచ్చ రంగు వేసిన కొత్త ఛార్జరు ఉంది. ముందువైపు గడియారంలా అద్దం, అందులో ఎర్ర ముల్లు. యజమాని దాన్ని బ్యాటరీకి తగిలించగానే గుయ్యిమని మోగింది. పావుగంట తర్వాత గంగన్న తీగ రాకిస్తే ఫట్టుమని ఇంత లావు రవ్వ లేచింది. కొట్టులోని వాళ్లంతా వెనక్కి జరిగారు. గంగన్న ముఖం వెలిగిపోయింది. నాయనకు కనిపించకపోయినా చప్పుడు వినిపించింది, ఆయనా నవ్వాడు. నేను వంగి రేకు చూశాను. ఆరు అని ఉంది. అద్దంలో ముల్లు ఇరవై దగ్గర నిలబడి ఉంది.

"ఏం రాసిందమ్మా దాంట్లో?" అని నాయన అడిగాడు.

అందరూ నా వైపు చూస్తున్నారు. ఆరుకంటే ఇరవై ఎక్కువని చెప్పవచ్చు. కానీ ఎక్కువైతే ఏమవుతుందని ఎవరైనా అడిగితే? ఆంపియరంటే ఏందని అడిగితే? ఎక్కువ ఉంటే మంచిదేనేమో అని ఒక మనసు. ఇంత లావు రవ్వ లేచాక ఇంకేం కావాలని ఇంకో మనసు. ఏ మనసు చెప్పినా అసలు సంగతి ఒకటే, తెలియదనడానికి సిగ్గు. "అంతా సరిపోతాది నాయనా" అన్నాను. ఆకుపచ్చ పెట్టెను గంగన్న ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు.

మొదటి వారం ఇంట్లో పండగే. రాత్రంతా పట్టే పని రెండు గంటల్లో అయిపోతోంది. పొద్దున రేవులో గంగన్న తీగ రాకిస్తే రవ్వ చూడడానికి జనం పోగయ్యేవారు. మా పాప ఎంచిన పెట్టె అని నాయన చెప్పినప్పుడల్లా నేను పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేదాన్ని. రెండో వారం బ్యాటరీ పక్కలు వేడెక్కడం మొదలైంది. మూడో వారానికి చెయ్యి పెట్టలేనంత. ముందు వారానికోసారి పోసే నీళ్లు రోజూ పోయాల్సి వస్తోంది. మూత తీస్తే లోపల కుతకుత. కుళ్లిన గుడ్డు వాసనకు అమ్మ ముక్కు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. మధ్యాహ్నానికల్లా ఇంజను నీరసంగా మొదలవుతోందని గంగన్న చెబితే, బలం చాలడం లేదని ఇంకో గంట ఎక్కువసేపు పెట్టేవాళ్లం. పొద్దునపూట రవ్వ మాత్రం ఎప్పటిలాగే లావుగా లేచేది. గంగన్న ఆ రవ్వనే నమ్మాడు. నాకు మాత్రం మస్తాన్ మామ మాట చెవిలో ముల్లులా ఉండిపోయింది.

భయం అంటే ఏమిటో నేను ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. ఇంజను చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది. పడవ వెళ్లిన ప్రతిసారీ ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. అది కాస్త తగ్గితే చేతిలో పని జారిపోయేది. అన్నం సహించేది కాదు. నాయన దగ్గరికి పదిసార్లు వెళ్లాను చెప్పడానికి. ఆయన బ్యాటరీ మీద చెయ్యి వేసి, వేడిగా ఉండాదే అని తనలో తాను అనుకుంటూ, "ఇది ఇట్లనే ఉంటాదా పాపా? నువ్వు సదివినావు గదా" అని అడిగేవాడు. ఉంటాది నాయనా అనేదాన్ని. మొదట ఆడిన అబద్ధం కన్నా ఈ రెండోది చెప్పడం సులువుగా ఉండేది, మూడోది ఇంకా సులువు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఒక పొద్దున అవతలి గట్టు నుంచి కబురు వచ్చింది. అక్కకు నొప్పులు మొదలయ్యాయి. రెండో కాన్పు కాబట్టి అత్తగారింట్లోనే ఉంది, అమ్మను చూడాలని ఏడుస్తోందట. ముందురోజు పైన ఎక్కడో వాన పడి పెన్న ఎర్రగా పారుతోంది. అమ్మ కాసేపు వాకిట్లో నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి సంచిలో రెండు చీరలు, బాలింతకు పెట్టే కాయం డబ్బా పెట్టుకుని వచ్చింది. పడవలో పోతా అంది. నాయన నమ్మలేక ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు. అప్పుడు ఆమె అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "ఇన్నాళ్లు ఆ ఇంజనును నమ్మలేదు. ఇప్పుడు నా బిడ్డ సదివి ఎంచిన పెట్టె ఉండాదిలే, ఏం గాదు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అక్క అక్కడ నొప్పులు పడుతోంది, పడవ తప్ప దారి లేదు, ఇప్పుడు చెబితే అమ్మ ఆగిపోతుంది, అక్కకేమైనా అయితే ఆ పాపమూ నాదే. చెప్పలేదు. నేనూ వస్తానని పడవ ఎక్కాను. మునిగితే అమ్మతోపాటు నేనూ మునగాలి, అంతకన్నా పెద్ద ఆలోచన నాకేమీ లేదు.

నాయనతో కలిపి పడవలో ఇరవై మంది దాకా ఉన్నాము. అది అప్పటికే ఆ రోజు మూడో రాకపోక. అమ్మ కళ్లు మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. ఆమె గాజులు నా చేతికి ఒత్తుకుపోయాయి. నడి ఏట్లోకి రాగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం నేను ఇంకెక్కడా వినలేదు. నీళ్లు పడవ పక్కలకు కొట్టుకునే చప్పుడొక్కటే. గంగన్న హ్యాండిలు తిప్పాడు, తిప్పాడు. తీగ తీసి బ్యాటరీ మీద రాకించాడు. ఏమీ లేవలేదు. రాకించిన చోట సన్నగా గీత పడింది, అంతే. పడవ మెల్లగా పక్కకు తిరిగి దిగువకు పోవడం మొదలుపెట్టింది. దిగువన ఏటి మధ్యలో బండలున్నాయి, ఎప్పుడో గడల పడవ ఒకటి వాటికి కొట్టుకుని ముక్కలైందని అందరికీ తెలుసు. ఎవరో దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఒకతను ఈతకు కట్టుకునే సొరబుర్ర వెతుక్కుంటున్నాడు. 

నాయన లేచి, పడవ అంచు తడుముకుంటూ వెనక్కి వెళ్లి, పాతకాలపు తెడ్డు అందుకున్నాడు. గడలతో నడిపిన రోజుల్లో ఆయన చేతిలో ఉన్నది అదే. ఇంజను వచ్చాక కూడా దాన్ని పడవలోంచి తీయనివ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు. ఆయన గొంతులో తొందర లేదు.

"ముందర బండలు కనపడతాండాయా పాపా? ఎంత దూరముండాయి?"

రెండు ఫర్లాంగులని ఠక్కున అనబోయింది నా నాలుక. అలవాటు. అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పేయడం నా అలవాటు. ఆ ఎర్రనీళ్లలో దూరం ఎంతో నాకు ఏమాత్రం అంచనా లేదు. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది.

"తెలీదు నాయనా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తెలీకుంటే తెలీదను, అదే మేలు. కంటికి కనపడేది చెప్పు సాలు."

కనపడేది చెప్పాను. ఎడమపక్క తెల్లగా నురగ లేస్తోందని, కుడిపక్క నీళ్లు నున్నగా పోతున్నాయని, ఆ నున్నని నీళ్లు అవతలి గట్టు తుమ్మకంపల దాకా ఆనుకుని ఉన్నాయని చెప్పాను. నాయన తెడ్డును ఏటవాలుగా పట్టి దాని మీద ఒళ్లంతా వేసి వాలాడు. గంగన్న కూడా వచ్చి పట్టుకున్నాడు. ఏరే పడవను తోస్తోంది, నాయన దానికి దారి చూపిస్తున్నాడు, అంతే. నేను చెబుతూనే ఉన్నాను. నురగ దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, పక్కనుంచి పోతోంది. ఒక బండ నల్లటి వీపు నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో దాటిపోయింది. ఎన్ని బండలున్నాయో తెలీదు నాయనా అని ఇంకోసారి అన్నాను. ఆయన తలూపాడు. చివరికి పడవ తుమ్మకంపల్లోకి దూసుకుపోయి నిలబడింది. ఒకతని జొన్నల మూట నీళ్లపాలైంది. మనుషులందరం దిగాం.

గట్టు మీద కూర్చుని నాయనకు అంతా చెప్పేశాను. రేకు మీద ఆరని ఉందని, ముల్లు ఇరవై చూపించిందని, అంకె దాటకూడదని మస్తాన్ మామ ముందే చెప్పాడని, ఆంపియరంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదని.  కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన ముళ్లు గీరుకున్న చేతులు తడుముకున్నాడు.

"తెలీదనే మాట చెప్పేదానికి ఇంత ఏరు దాటాల్సొచ్చెనా పాపా" అన్నాడు.

అమ్మ పక్కనే చీర కుచ్చెళ్లు పిండుకుంటూ అంతా వింది.  నాయనను పడవ దగ్గర వదిలి, అమ్మా నేనూ ముద్దనూరు దారి దాకా నడిచి బస్సెక్కి పులివెందుల చేరాం. మేము వెళ్లేసరికి అక్కకు కొడుకు పుట్టాడు. అమ్మ స్నానం చేసి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. నా వైపు మాత్రం చూడలేదు.

ఇప్పుడు ఆ రేవు దగ్గర వంతెన ఉంది. పైన ఆనకట్ట కట్టారు కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు పెన్నలో ఇసకే కనిపిస్తుంది, అదీ లారీలు మిగిల్చినంత. దాటడానికి ఎవరినీ నమ్మనక్కరలేదు. అడిగినదానికి తెలియదనే మనిషి కూడా ఇప్పుడు అరుదైపోయాడు. ఫోనులో వేలు పెట్టి చూసి అందరూ అన్నీ చెప్పేస్తున్నారు, నేను రేకు మీది అంకె చదివినట్టే. పడవ ఆగిపోయిన ఆ రోజు తర్వాత నేను ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. పిల్లలు అడిగినవాటిలో సగానికి రేపు చూసి చెబుతానని అనేదాన్ని. తోటి పంతుళ్లు నవ్వుకునేవారు. మొన్న ఇన్వర్టరు మెకానిక్కుతో కూడా అదే అన్నాను, నాకు తెలియదయ్యా, బ్యాటరీ మీద ఏం రాసుందో నాకు చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పు అని. ఓపిగ్గా చెప్పాడు. నిదానంగా నింపేదే వేయమన్నాను. అతను వెళ్లిపోయాక కూడా రెండుసార్లు మెట్ల కిందికి వెళ్లి బ్యాటరీ మీద చెయ్యి వేసి చూశాను. భయం పోయిందని అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ ఏడు అక్క దగ్గర నెల గడిచాక మేము తిరిగి రావలసి వచ్చింది. పెన్నలో నీళ్లు ఇంకా తగ్గలేదు. అమ్మ ఇక ఈ జన్మలో పడవ ఎక్కదని, ఎండాకాలం దాకా పులివెందులలోనే ఉండిపోతుందని నేను అనుకున్నాను. ఆమెను నేనే అట్లా చేశానని కుమిలిపోయాను. గట్టు దగ్గరికి వచ్చేసరికి పడవ నిలబడి ఉంది. లోపల కొత్త బ్యాటరీ. నాయన ఆకుపచ్చ పెట్టెను పక్కన పడేసి, మస్తాన్ మామ చేత సన్నని రవ్వ పెట్టెను తెప్పించి, రోజూ రాత్రంతా నింపిస్తున్నాడని గంగన్న చెప్పాడు. అమ్మ నీళ్ల అంచున ఆగి నా వైపు తిరిగింది. నెల రోజుల్లో ఆమె నన్ను సూటిగా చూడడం అదే మొదలు.

"ఈ పెట్టె సంగతి నీకు తెల్సా?" అంది.

"నాకు తెలీదమ్మా. మస్తాన్ మామకు తెల్సు."

ఆమె నా ముఖంలోకి ఇంకాసేపు చూసింది. తర్వాత చీర కొంగు నడుముకు బిగించి చెయ్యి చాపింది.

"అట్లయితే ఎక్కుతా, పట్టుకో" అంది.   చేతులు పట్టుకునే ఇద్దరం ఎక్కాం.